ఏబీఎస్ డబ్బా స్క్రూ కదలకపోతే: బిట్టా, వేడా, డ్రిల్లా?

గట్టిగా బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది ఏబీఎస్. కారులో ఏబీఎస్ యూనిట్ అంటే రెండు ముక్కల సంసారం. బ్రేక్ పైపులన్నీ వచ్చి చేరే అల్యూమినియం దిమ్మ, దానికి బిగించిన పంపు మోటారు కలిపి ఒక ముక్క. దిమ్మకు ఇంకోవైపున్న నల్లటి ప్లాస్టిక్ డబ్బా రెండోది. కంప్యూటర్ బోర్డు, వాల్వులను నడిపే కాయిల్స్ అందులోనే ఉంటాయి. తప్పు మాడ్యూల్‌లోనే, అంటే ఈ యూనిట్‌లోనే అని తేలినప్పుడు, చాలాసార్లు చెడేది ఈ డబ్బానే. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి లోపలి సోల్డర్ అతుకులు పగులుతాయి, లేదంటే బోర్డు మీది సన్నటి తీగలు ఊడిపోతాయి. పైపులను ముట్టుకోకుండా డబ్బా ఒక్కదాన్నే విప్పి బోర్డు రిపేరు చేయించుకోగలిగితే బ్రేక్ ఆయిల్ కారదు, పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపే (ఎయిర్ తీసే) పని రాదు, కొత్త యూనిట్‌కు వేలకు వేలు పోయాల్సిన అవసరమూ ఉండదు.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. కాబట్టి ఇది ఇప్పుడు ఖరీదైన జర్మన్ కార్ల వాళ్ల తలనొప్పి మాత్రమే కాదు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారుకూ రేపో మాపో వస్తుంది.

డబ్బాను దిమ్మకు పట్టి ఉంచేవి నాలుగో ఆరో చిన్న స్క్రూలు. పని ఆగేది అక్కడే. ఒకరు నూనె కొట్టమంటారు, ఒకరు వేడి పెట్టమంటారు, ఇంకొకరు సుత్తి తీసుకోమంటారు. ఆ సలహాల్లో ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్కటి ఒక్కో రకం పట్టుకు పనికొస్తుంది. మీ స్క్రూను పట్టుకున్నది ఏమిటో తెలియకుండా పద్ధతి ఎంచుకుంటే మాత్రం మంచి పద్ధతి కూడా చెడగొడుతుంది.

పట్టుకున్నది తుప్పేనా?

దొరికే వీడియోల్లో ఎక్కువ భాగం మంచు పడే దేశాలవి. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు నీళ్లు కారు అడుగునంతా తినేస్తాయి. అందుకే వాళ్లకు ప్రతి స్క్రూ తుప్పు కథే, మొదటి మందు నూనే. వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు మనకు సముద్రమూ లేదు, ఉప్పూ లేదు. ఇక్కడే పుట్టి ఇక్కడే తిరిగిన కారు బానెట్ కింద అసలైన తుప్పు అరుదు. మన దగ్గర స్క్రూను పట్టుకునేవి ఎక్కువగా రెండే: స్క్రూ వదులు కాకుండా ఫ్యాక్టరీలో మరలకు పూసిన థ్రెడ్‌లాకర్ గమ్ము, లేదా ఉక్కు స్క్రూకూ అల్యూమినియం దిమ్మకూ మధ్య తేమ చేరి ఏర్పడే తెల్లటి పొడి. రెండు వేరువేరు లోహాలు తడిలో ఆనుకుని ఉంటే అల్యూమినియం కరుగుతూ పోతుంది, ఆ పొడి మరల సందుల్లో నిండి బిగుసుకుపోతుంది.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. 2023 జులై వరదల్లో హనుమకొండ, వరంగల్ కాలనీల్లో ఎన్నో బండ్లు నీళ్లలో నిలబడ్డాయి. వాటిలో కొన్ని తుడిచి, పాలిష్ పెట్టి చేతులు మారి ఉండొచ్చు. విశాఖ, చెన్నై లాంటి తీరం ఊళ్ల నుంచి వచ్చిన కార్లు కూడా మన రోడ్ల మీద తిరుగుతున్నాయి. బానెట్ కీళ్లు, బ్యాటరీ ట్రే కింది బోల్టులు, సీటు కింది పట్టాలు ఎర్రగా ఉంటే మీ కారు ఆ జాతిదే. అప్పుడు విదేశీ సలహాలు మీకూ వర్తిస్తాయి.

సులువుగా వచ్చిన మొదటి స్క్రూను పారేయకుండా వెలుతురులో చూడండి. మరల మీద నీలం, ఆకుపచ్చ, ఎరుపు పెచ్చులుంటే గమ్ము. తెల్లటి పొడి ఉంటే అల్యూమినియం. గోధుమ రంగు మట్టిలా రాలితే తుప్పు. చేతికి కూడా తేడా తెలుస్తుంది. గమ్మున్న స్క్రూ ఒక్కసారి 'టక్'మని విడి, ఆ తర్వాత కూడా చివరి చుట్టు వరకూ బిరుసుగానే వస్తుంది. తుప్పుది కిర్రుమంటూ, ఆగుతూ కదులుతుంది. ఏమీ లేకుండా మెత్తగా తిరిగిందంటే తిరిగింది స్క్రూ కాదు, దాని తలలోని గాడి అరిగిపోతోంది. వెంటనే చెయ్యి ఆపాలి.

ఇంకో మాట. ఇదంతా మొదలుపెట్టే ముందు స్కానర్ పెట్టించి, తప్పు ఎక్కడుందో చెప్పే కోడ్ చూసుకోండి. చక్రం సెన్సర్, ఫ్యూజు, ఎర్త్ వైరు చూడకుండా మాడ్యూల్ విప్పేవాళ్లే ఎక్కువ. నాలుగు సెన్సర్లలో ఒకటి మట్టి పట్టినా డాష్‌బోర్డు మీద వెలిగేది అదే పసుపు ఏబీఎస్ లైటు.

బిట్: సగం కేసులు ఇక్కడే గెలుస్తాయి

ఈ డబ్బా స్క్రూలకు ఎక్కువగా ఆరు కోణాల స్టార్ గాడి ఉంటుంది, చాలా యూనిట్లలో టి20 సైజు. కొన్నిటిలో గాడి మధ్యలో చిన్న పుల్ల నిలబడి ఉంటుంది, దానికి చివర రంధ్రమున్న బిట్ కావాలి. మరికొన్నిటిలో గాడి ఉండదు, తలే బయటికి నక్షత్రంలా ఉంటుంది. దానికి ఈ5 లాంటి సైజు సాకెట్ కావాలి. ఇది లేదని చిన్న ఆరు పలకల సాకెట్‌తోనో కటింగ్ ప్లేయర్‌తోనో తిప్పడం మొదలుపెట్టారా, అక్కడి నుంచి మీరు చేసేది స్క్రూ విప్పడం కాదు, దాన్ని పాడు చేయడం.

టి20 బిట్ కొసల మధ్య వెడల్పు దాదాపు 3.9 మిల్లీమీటర్లు. టి15 దాని కన్నా అర మిల్లీమీటరుకు పైగా సన్నం. మట్టి నిండిన టి20 గాడిలో టి15 చక్కగా దూరినట్టే ఉంటుంది, తిప్పితే కోణాలు గుండ్రమవుతాయి. బిట్ పెట్టే ముందు సూదితోనో దబ్బనంతోనో గాడి అడుగు దాకా మట్టి తీయాలి, ఊదాలి. మేడారం దుమ్ము, గ్రానైట్ లారీల వెనుక తిరిగిన దుమ్ము నూనెతో కలిసి గాడిలో గట్టి ముద్దవుతుంది. బిట్ పూర్తిగా దిగలేదని కంటికి కనిపించదు. దిగిన తర్వాత అటూ ఇటూ కదిపి చూస్తే ఆట ఉండకూడదు.

ఎలాంటి బిట్ కొనాలి? రంగురంగుల డబ్బాలో వంద ముక్కలతో వచ్చే సెట్ కన్నా, ఎస్2 అనే గట్టి ఉక్కుతో చేసిన టి20, టి25, ఈ5 మూడు ముక్కలు విడిగా కొనుక్కోవడం మేలు. చవక బిట్లు మెత్తగా ఉండి మెలి తిరుగుతాయి, పోతూపోతూ గాడినీ తీసుకుపోతాయి. వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగి చూడండి. దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తప్పక దొరుకుతాయి. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే 'సెక్యూరిటీ' రకం తీసుకోండి. చివర రంధ్రమున్న బిట్ మామూలు స్టార్‌కూ పడుతుంది, మామూలు బిట్ పుల్ల ఉన్న స్క్రూకు పడదు. అయితే రంధ్రం వల్ల దాని బలం కొంత తగ్గుతుంది, కాబట్టి బాగా మొరాయించే మామూలు స్క్రూకు గట్టి బిట్టే పెట్టాలి.

డబ్బా చుట్టూ చోటు ఉండదు కాబట్టి పొడుగాటి స్క్రూడ్రైవర్ పట్టదు. పొట్టి బిట్, పావు అంగుళం రాట్చెట్, లేదా బిట్ పట్టే చిన్న రింగు పానా కావాలి. ఇక్కడ చాలామంది మరిచేది ఒకటుంది: తిప్పే బలం కన్నా లోపలికి నొక్కే బలం ఎక్కువ ఉండాలి. ఒక చేతి బొటనవేలితో బిట్ వెనుక నొక్కి పట్టి, రెండో చేత్తో తిప్పాలి. ముందు విప్పే వైపు కాదు, బిగించే వైపు ఒక్క రవ్వ తిప్పి చూడండి. గమ్ము పొర పగిలితే వెనక్కి సులువుగా వస్తుంది.

గాడి కొంచెం అరిగింది, ఇంకా పూర్తిగా పోలేదు అనుకోండి. టి25 బిట్‌ను అరిగిన టి20 గాడిలోకి చిన్న సుత్తితో తట్టి దింపడం పాత చిట్కా. పని చేస్తుంది కూడా. కానీ దీన్ని ఒకే ఒక్క అవకాశంగా చూడాలి. బిట్ ఒకసారి జారిందంటే ఆ గాడి ఇక దేనికీ పనికిరాదు.

వేడి: మన దగ్గర దీనికే నా ఓటు

పట్టుకున్నది గమ్మయితే నూనె దాన్ని ఏమీ చేయలేదు. వేడే చేస్తుంది. మామూలుగా వాడే నీలం గమ్ము విషయంలో తయారీదారులు చెప్పే మాట: విప్పడం కష్టమైతే దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేసి, వేడి మీదే విప్పండి. అంతకు చాలా ముందే అది మెత్తబడటం మొదలవుతుంది. పట్టుకున్నది తెల్ల పొడి అయినా వేడి సాయపడుతుంది, ఎందుకంటే ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. దిమ్మలోని రంధ్రం స్క్రూ కన్నా ఎక్కువ తెరుచుకుంటుంది.

వేడి దేనితో పెడతారన్నదే ఇక్కడ అసలు ఎంపిక. గ్యాస్ టార్చ్ వద్దు. పక్కనే ప్లాస్టిక్ డబ్బా, లోపల రబ్బరు సీళ్లు, దిమ్మలో బ్రేక్ ఆయిల్ ఉన్నాయి. బ్రేక్ ఆయిల్ మండుతుంది. హాట్ ఎయిర్ గన్ టార్చ్ కన్నా నయం, కానీ అది స్క్రూ కన్నా ముందు చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను ఉడికిస్తుంది. స్క్రూ ఒక్కదానికే వేడి ఎక్కించేది సోల్డరింగ్ ఐరన్. సెల్‌ఫోన్ రిపేరుకు వాడే 25 వాట్లది చాలదు, అంత పెద్ద అల్యూమినియం దిమ్మ దాని వేడినంతా తాగేస్తుంది. 60 వాట్లు, వీలైతే ఇంకా పెద్దది, మందపాటి మొనతో కావాలి. మొనను గాడిలో ఆనించి రెండు మూడు నిమిషాలు పట్టి ఉంచండి. ప్లాస్టిక్ అంచు మెరుస్తున్నా, కాలిన వాసన వచ్చినా తీసేయండి. తీసిన వెంటనే, వేడి దిమ్మలోకి పారకముందే బిట్ పెట్టి తిప్పండి. కదలకపోతే చల్లారనిచ్చి మళ్లీ చేయండి. వేడెక్కడం, చల్లారడం మూడు నాలుగుసార్లు జరిగితే, ఒక్కసారి ఎక్కువ వేడి పెట్టిన దాని కన్నా బాగా వదులుతుంది.

జాగ్రత్తల్లో తప్పించుకోలేనివి ఉన్నాయి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి, డబ్బాకున్న పెద్ద కనెక్టర్ ఊడదీయాలి, ఐరన్‌కు మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ ఉండాలి. బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టిన చోట అది పూర్తిగా ఆరేదాకా ఐరన్ పెట్టొద్దు. కొన్ని క్లీనర్లు అంటుకుంటాయి, క్లోరిన్ ఉన్న రకాలు వేడికి విషవాయువు వదులుతాయి. మే నెలలో రేకుల షెడ్డు కింద చేస్తుంటే ఈ మాట ఇంకొంచెం గట్టిగా గుర్తుంచుకోవాలి.

నూనె: తక్కువ చోట్ల, తక్కువ చుక్కలు

అసలైన తుప్పుకు చొచ్చుకుపోయే నూనె మంచి మందే. మన ఇళ్లలో గ్యాస్‌నూనె (కిరోసిన్) పోసి రాత్రంతా వదిలేసే అలవాటు ఉంది, సైకిల్ యాక్సిల్‌కు అది చాలు. ఏబీఎస్ దగ్గర మాత్రం వద్దు. బ్రేక్ వ్యవస్థలోని రబ్బరు ఈపీడీఎం అనే రకం. బ్రేక్ ఆయిల్‌ను తట్టుకోవడానికి చేసిన రబ్బరు అది, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి పాడవుతుంది. డబ్బాకూ దిమ్మకూ మధ్యనున్న సీలు కూడా నూనెను ఇష్టపడేది కాకపోవచ్చు. కాబట్టి స్ప్రే డబ్బా ఎత్తి 'సర్ర్'మని కొట్టడం ఇక్కడ కుదరదు. సూది సిరంజితో స్క్రూ తల అంచున ఒక్క చుక్క వేసి, అరగంట ఆగి, మిగిలింది గుడ్డతో అద్దేయండి. డబ్ల్యూడీ-40 మామూలు డబ్బా తేమను తరిమి, కాస్త జారుడు ఇచ్చే రకం. అదే కంపెనీ వేరే పేరుతో అమ్మే చొచ్చుకుపోయే రకం బిగుసుకున్న మరలకు మేలు. అసిటోన్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ కలిపే చిట్కా కూడా ప్రచారంలో ఉంది. అసిటోన్ ప్లాస్టిక్ మీద, పెయింట్ మీద ఏం చేస్తుందో గోళ్ల రంగు తీసేవాళ్లను అడగండి.

నూనె కోసం ఆగడంలో లాభం ఉన్నది ఎర్రగా కనిపించే తుప్పుకే. గమ్ము మీద ఎన్ని రోజులు నూనె నానబెట్టినా రోజులే పోతాయి.

సుత్తి, ఇంపాక్ట్ డ్రైవర్

'జర దెబ్బ గొట్టు, వస్తది' అనేది మన ఆటోనగర్ మంత్రం. డిస్కు దగ్గర అది అద్భుతంగా పనిచేస్తుంది. హోండా లాంటి కొన్ని జపాన్ కార్లలో బ్రేక్ డిస్కును హబ్‌కు పట్టి ఉంచే ప్లస్ గాడి స్క్రూలకు, కొడితే తిరిగే చేతి ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్‌ను మించినది లేదు. వాటికి వాడాల్సింది జపాన్ ప్రమాణం ప్లస్ బిట్, మామూలు ఫిలిప్స్ కాదు. ఫిలిప్స్ బిట్ లోతుగా దిగకుండా పైకి జారి గాడిని తినేస్తుంది. డిస్కు వెనుక బరువైన ఇనుము ఉంటుంది, దెబ్బ నేరుగా స్క్రూకు పోతుంది.

ఏబీఎస్ యూనిట్‌కు అదే సుత్తి ఎందుకు పనికిరాదంటే, పంపు శబ్దం కారులోకి రాకుండా యూనిట్‌ను రబ్బరు బుష్‌ల మీద నిలబెడతారు. మీరు కొట్టిన దెబ్బ రబ్బరు మింగేస్తుంది, మిగిలింది ఇనుప పైపులను ఊపుతుంది. స్క్రూకు అందేది స్వల్పం. పైగా డబ్బాలో ఇప్పటికే పగిలిన సోల్డర్ అతుకులున్నాయి. బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ గన్‌కు కూడా ఇదే మాట, ఇంకో ముప్పు తోడుగా: టి20 స్క్రూ సాధారణంగా ఎం4 సైజులో, అంటే నాలుగు మిల్లీమీటర్ల మందంలో ఉంటుంది, గన్ బలానికి తల ఊడి చేతిలోకి వస్తుంది. తట్టాలంటే బిట్ వెనుక చిన్న సుత్తితో, గోడకు మేకు కొట్టే బలంలో నాలుగో వంతుతో రెండు మూడు దెబ్బలు. గమ్ము పొర పగలడానికి అవి చాలు.

గాడి పోయింది. ఇప్పుడు?

చాలామంది ఇక్కడే ఎక్స్‌ట్రాక్టర్ (స్క్రూలో రంధ్రం వేసి, అందులో బిగించి వెనక్కి తిప్పే పనిముట్టు) కొనడానికి పరిగెత్తుతారు. ఇంత చిన్న స్క్రూకు నా మట్టుకు అది చివరి ఎంపిక కూడా కాదు. ఎం4 స్క్రూ మధ్యలో రంధ్రం వేయాలంటే రెండు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ కావాలి, దానికి సరిపడే ఎక్స్‌ట్రాక్టర్ పుల్లంత సన్నగా ఉంటుంది. స్క్రూ గట్టిగా పట్టుకునే ఉంటే ముందు విరిగేది ఎక్స్‌ట్రాక్టరే. అది గట్టిపరిచిన ఉక్కు, మామూలు డ్రిల్ దాన్ని తొలచలేదు. అప్పటిదాకా మీకున్నది ఒక మొండి స్క్రూ, ఇప్పుడు దాని గుండెలో ఒక ఉక్కు ముక్క. పెద్ద బోల్టులకు, ఎగ్జాస్ట్ స్టడ్లకు ఎక్స్‌ట్రాక్టర్ మంచిదే. ఇక్కడ కాదు.

తల డబ్బా మీద పైకి లేచి ఉండి, పక్క నుంచి పట్టుకోవడానికి చోటుంటే వైస్‌గ్రిప్ (పట్టిన పట్టు వదలకుండా లాక్ అయ్యే పట్టుకారు) మొదటి ఎంపిక. బయటి నక్షత్రం తలలకు ఇది బాగా పడుతుంది. దవడలు చిన్నగా, పళ్లు పదునుగా ఉండాలి. చిన్న గ్రైండర్ చక్రంతో తల మీద గీత కోసి, చదును స్క్రూడ్రైవర్ పెట్టే పద్ధతి కూడా ఉంది. కానీ ఆ నిప్పురవ్వలు, ఉక్కు పొడి డబ్బా మీదే పడతాయి. చోటు ఇరుకైతే నేను దాని జోలికి పోను.

అన్నిటికన్నా నమ్మకమైన దారి వినడానికి భయంగా ఉంటుంది: తలను డ్రిల్‌తో తీసేయడం. కారణం సులువు. స్క్రూ బిగుసుకుని ఉండటంలో సగం పని దాని తల డబ్బాను నొక్కడం వల్ల జరిగేదే. తల పోగానే ఆ నొక్కుడు పోతుంది. మిగతా స్క్రూలు విప్పి డబ్బాను నిటారుగా లాగితే, దిమ్మలోంచి కొన్ని మిల్లీమీటర్ల స్క్రూ కాడ పైకి నిలబడి ఉంటుంది. ఇప్పుడు పక్కన ప్లాస్టిక్ లేదు, ఎలక్ట్రానిక్స్ లేదు. వైస్‌గ్రిప్‌తో పట్టి తిప్పితే చాలాసార్లు ఆశ్చర్యపోయేంత సులువుగా వస్తుంది. రాకపోతే అప్పుడు ఐరన్‌తో వేడి ధైర్యంగా పెట్టొచ్చు.

చేసే తీరు: గాడి ఎంత అరిగినా మధ్యలో గుంట ఉంటుంది కాబట్టి డ్రిల్ బిట్ దానంతట అదే నడుమకు చేరుతుంది. ముందు మూడు మిల్లీమీటర్లు, తర్వాత నాలుగు, అవసరమైతే నాలుగున్నర. వేగం తక్కువ, నొక్కుడు నిలకడగా. వీలైతే ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్ వాడండి. తొలుస్తూ ఉండగానే ఒక్కోసారి అది స్క్రూను పట్టుకుని విప్పేస్తుంది, తల తీయాల్సిన పనే ఉండదు. తల ఉంగరంలా ఊడి బిట్ మీదికి ఎక్కగానే ఆపాలి, ఇంకా లోపలికి పోకూడదు.

దీనికి ఉన్న అసలు ధర రజను. చుట్టూ మాస్కింగ్ టేపు రెండు పొరలు వేయండి, డ్రిల్ బిట్‌కు కొంచెం గ్రీసు పూయండి, ఎవరైనా పక్కన వ్యాక్యూమ్ గొట్టం పట్టుకుంటే ఇంకా మంచిది. అయస్కాంతం ఉక్కు రజనును ఏరుతుంది, అల్యూమినియాన్ని ఏరదు. ఆ మెరిసే పొడి డబ్బా లాగినప్పుడు వాల్వు కాడల మీద, కాయిల్స్ మధ్య పడితే తర్వాత షార్ట్ అయ్యేది అక్కడే. టేపు తీయకముందే శుభ్రం చేయాలి, తీశాక కాదు.

తల లేని కాడకు నట్టు వెల్డింగ్ చేసి తిప్పే పద్ధతిని వెల్డింగ్ షాపులో తప్పకుండా సూచిస్తారు. లారీ చాసిస్‌కు సరే. దిమ్మలో ఆయిల్, రబ్బరు సీళ్లు ఉండగా, కారుకు మిగతా కంప్యూటర్లన్నీ తగిలించి ఉండగా వెల్డింగ్ మంట దగ్గరికి కూడా రానివ్వొద్దు.

చక్రం దగ్గరి స్క్రూల లెక్క వేరు

మాడ్యూల్ బానెట్ కింద ఉంటుంది, చక్రం సెన్సర్ బురదలో ఉంటుంది. కాబట్టి ఇందాక చెప్పిన వరుస ఇక్కడ తలకిందులవుతుంది. సెన్సర్‌ను పట్టిన చిన్న బోల్టుకు నిజంగానే తుప్పు పడుతుంది. ఇక్కడ నూనె ముందు, వేడి దాదాపు వద్దు, ఎందుకంటే సెన్సర్ ఒళ్లంతా ప్లాస్టిక్. నూనె డిస్కు మీద, ప్యాడ్ మీద పడకుండా గుడ్డ కప్పండి. బోల్టు వచ్చినా సెన్సర్ తన రంధ్రంలో ఇరుక్కుని రాకపోవచ్చు. పట్టుకారుతో లాగితే తల విరుగుతుంది. చుట్టూ నూనె వేసి అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ తీయాలి. సెన్సర్ చెడిందని తేలి, కొత్తది చేతిలో ఉంటే మాత్రం ఇంత లాలన అక్కర్లేదు.

బటన్‌తో పనిచేసే పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లలో వెనుక కాలిపర్‌కు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగానికి) చిన్న మోటారు ఉంటుంది, దాన్ని పట్టినవి సాధారణంగా రెండు స్క్రూలు, స్టారో ఎలనో. విప్పేముందు స్కానర్‌తోనో, కారు మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలోనో సర్వీస్ మోడ్‌లో (మోటారు బ్రేక్ పట్టు వదిలే స్థితిలో) పెట్టాలి. ఇక్కడ ఇనుప బ్రష్‌తో తుడవడం, ఒక చుక్క నూనె, మంచి బిట్, చిన్న తట్టు, ఇవన్నీ సరిపోతాయి. మోటారు కింది రబ్బరు రింగుకు నూనె తగలనివ్వకండి.

ఎప్పుడు చేతులెత్తేయాలి

డబ్బా లాగగానే లోపల బ్రేక్ ఆయిల్ తడి కనిపిస్తే తప్పు ఎలక్ట్రానిక్స్‌ది కాదు, దిమ్మ లీకవుతోంది. బోర్డు రిపేరు చేయించినా మళ్లీ తడుస్తుంది. మొత్తం యూనిట్ మార్చాల్సిందే. యూనిట్ మొత్తం తీయడమంటే పైపుల నట్లు విప్పడం, వాటికి నట్టును దాదాపు చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ పానా వాడటం, తర్వాత చాలా కార్లలో స్కానర్‌తో పంపు నడిపిస్తూ ఎయిర్ తీయడం. ఇది ఇంటి ముందు చేసే పని కాదు.

కాడ దిమ్మ అంచుకు సమంగా విరిగిపోతే అది కూడా మెకానిక్ పనే. విప్పిన యూనిట్‌ను ఓపికున్న లేత్ షాపువాడు మంచి వైస్‌లో పెట్టి, నడుమకు గురి చూసి తొలవగలడు. కారులో ఉండగా చేత్తో డ్రిల్ పట్టి అదే పని చేయబోతే దిమ్మలోని మరలు పోతాయి. ఆటోనగర్‌లో ఇవ్వాలనుకుంటే ముందే అడగండి: 'అన్నా, డబ్బా ఒక్కటే ఇప్పుతవా, పైపులు గూడ ఇప్పుతవా?' పైపులు విప్పుతానంటే ఎయిర్ తీయడానికి స్కానర్ ఉందా అని కూడా అడగండి. లేదంటే అక్కడ ఇవ్వొద్దు.

తిరిగి బిగించేటప్పుడు పాత స్క్రూలను పారేసి, అదే పొడుగు, అదే పూత ఉన్న కొత్తవి వేయండి. దొరికిన స్టెయిన్‌లెస్ స్క్రూ అల్యూమినియంలో ఇంకా ఎక్కువ తెల్ల పొడి పుట్టిస్తుంది. బిగింపు బలం మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఇంత చిన్న స్క్రూలకు అది కొద్ది న్యూటన్ మీటర్లే, రాట్చెట్‌తో ఒళ్లు బలం పెడితే మరలు పీక్కుపోతాయి. ఎదురెదురు మూలలు వరుసగా బిగిస్తే సీలు సమంగా కూర్చుంటుంది.

బ్యాటరీ తగిలించాక కారు కదిపేముందు పెడల్ నొక్కి చూడండి. మీరు పైపులు విప్పలేదు కాబట్టి పెడల్ నిన్నటిలాగే గట్టిగా ఉండాలి. మెత్తగా దిగిపోతే కారు అక్కడే ఆపి మెకానిక్‌ను పిలవండి. బాగుంటే ధర్మసాగర్ వైపు లాంటి ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడపండి. బండి కొంచెం వేగం అందుకోగానే చాలా కార్లలో పంపు తనను తాను పరీక్షించుకుంటూ చిన్నగా 'గుర్ర్' మంటుంది, పసుపు లైటు ఆరిపోతుంది. ఆరకపోతే మళ్లీ డబ్బా విప్పకండి. కోడ్ చదివించండి, ఈసారి సెన్సర్ పేరే వచ్చే అవకాశం ఎక్కువ.